పంచకం రోజుల్లో తెరిచిన తలుపు

మా ముత్తాత కర్నూలు నవాబు కొలువులో కుర్చీ ఉన్న మనిషి. మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, ఇరవై ఏళ్లు ఊరికి మునసబు. ఆయన గుర్రం ఓర్వకల్లు దారిలో కనిపిస్తే ఎదురొచ్చేవాళ్లు చెప్పులు విడిచి చేతబట్టుకునేవారు. మా నాయన ఏడూళ్ల తగవులు తీర్చిన పెద్దరెడ్డి. దాయాదులతో తన తగవును మాత్రం తీర్చుకోలేకపోయాడు. పదమూడేళ్లు కోర్టు మెట్లెక్కి దిగి, దిగినప్పుడల్లా ఒక చేను పోగొట్టుకుని, చివరికి ఇల్లు వేలంలో పోయిన ఏడే కన్నుమూశాడు. ఇవన్నీ గొప్పకే చెబుతున్నానని ఒప్పుకుంటాను. అయినా మేము ఎంత ఎత్తున ఉండేవాళ్లమో తెలియకపోతే, ఆ ఎండాకాలం నేనెంత భయపడ్డానో మీకు అర్థం కాదు.

మొన్న మా వీధి చివర అద్దెకున్నవాళ్లు తమ పెద్దాయనను పట్టపగలు ఆటోలో ఎక్కించుకుని ఎటో తీసుకుపోయారు. ఆసుపత్రికేమో అనుకున్నాను. కాదట. పంచకం రోజులు, ఇంట్లో ప్రాణం పోతే కష్టమని ఇంటాయన తీసుకుపొమ్మన్నాడట. ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా ఉండే ఆ ఐదు రోజుల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుబెట్టాలన్నది మాలో పట్టింపు. ఆటోలో ఆ ముసలాయన తల కొడుకు ఒళ్లో అటూ ఇటూ ఊగుతుంటే చూడలేక లోపలికొచ్చి మంచినీళ్లు తాగాను.

నేను చెప్పే ఎండాకాలం కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులది. ఆఫీసర్లు కూడా డేరాల్లో కాపురం చేస్తున్న కాలంలో మాకు రెండు గదులు దొరకడమే అబ్బురం. నాకు ఇరవై నాలుగేళ్లు. ఆస్తి చాలావరకు పోయిన ఇంటికి పిల్లనెవరిస్తారు, పెళ్లి కాలేదు. నేనూ మా అమ్మా ఇద్దరమే. అమ్మకు కడుపులో గడ్డ. డాక్టరు చేతులు తుడుచుకుంటూ ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఇంటికి తెచ్చిన నాలుగో రోజు పొద్దున్నే ఇంటాయన వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. ఇత్తడి సామాన్ల అంగడి ఆయనది. చెడ్డవాడని అనలేను. కంట నీళ్లు కూడా పెట్టుకున్నాడు.

"రెడ్డీ, నేను చెప్పడంల్యా, పంచాంగం చెప్తాండాది. మధ్యాహ్నం నుంచి పంచకం. అమ్మ ఈడ పోతే ఆరు నెల్లు నా ఇంటికి తాళం. నువ్వే ఆలోచన చెయ్‌."

ఆలోచన చేయడానికి ఏముంది? ఒక సాయిబు ఒంటెద్దు బండి మాట్లాడి, ఎండుగడ్డి పరిచి, దాని మీద పరుపు వేసి అమ్మను పడుకోబెట్టాను. మొదట మా మేనమామ ఇంటికి పోయాం. అమ్మ పెంచిన తమ్ముడాయన. కిటికీ సగం తెరిచి అత్త మాట్లాడింది. "ఈడ పెళ్లీడు పిల్ల ఉండాది కదప్పా. మీ మామ ఊళ్లో ల్యాడు." లోపల మామ దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్కణ్ణుంచి సత్రానికి పోతే, గుమాస్తా బండిలోకి తొంగిచూసి, చూసినందుకే అంటు తగిలినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. నేను బండి వెంట నడుస్తూ పది అడుగులకొకసారి అమ్మ ముక్కు దగ్గర చేయి పెట్టి చూసేవాణ్ణి. ఊపిరి తగిలితే ఇంకో పది అడుగులు. ఏడూళ్ల పెద్దరెడ్డి భార్య నడివీధిలో బండి మీదే ప్రాణం విడుస్తుందేమో, జనం చుట్టూ మూగుతారేమో, వాళ్లలో మా ఊరివాళ్లు ఉంటారేమో! ఆ రోజు నా భయాలు ఆ వరుసలోనే వచ్చాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"యాడికప్పా?" అని సాయిబు మూడోసారి అడిగాడు. నన్ను ఒకసారి చూసి, "కిరస్తానీల పేటలో ఒక ఆయమ్మ ఉండాది, ఎవరినీ పొమ్మనదు" అని ఎద్దును తనే మళ్లించాడు.

బండల కప్పు ఉన్న చిన్న ఇల్లు. తలుపు తీసి బయటికొచ్చిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. ఆమెది మా ఊరే. ఆమె మొగుడు ఉపదేశి. సాయంత్రాలు పదిమందిని కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసేవాడు. అప్పటికి నాలుగేళ్ల కిందట, మా ఇల్లు ఇంకా మా చేతుల్లో ఉండగా, వాళ్ల పాటలు మా వాకిట్లోకి వినిపిస్తున్నాయని అమ్మ కోప్పడితే, నేను మనుషులను తీసుకుపోయి, ఎండలో నిలబడి, వాళ్ల గుడిసె కప్పు పీకించాను. పీకిన బోదగడ్డి కూడా వాళ్లను తీసుకుపోనివ్వలేదు. తరువాత వాళ్లు ఎక్కడికి పోయారో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఆమె నన్ను గుర్తుపట్టింది. బండిలోకి చూసి అమ్మనూ గుర్తుపట్టింది. ఆ కొద్దిసేపట్లో ఆమె ఏమి అంటుందోనని నేను భయపడ్డంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

"ఎండలో ఏం జూస్తాండావు రెడ్డీ? ఆపక్క పట్టు" అంది.

పంచకం సంగతి దాచడం ధర్మం కాదని చెప్పేశాను. "మా దేవునికి మంచి చుక్క, చెడ్డ చుక్క ల్యావు" అంటూ తన మంచం మీద దుప్పటి మార్చింది. పంచాయితీ చెప్పే స్వరం అమ్మకు ఆ స్థితిలోనూ పోలేదు. కళ్లు తెరిచి, "ఏమే, నువ్వా?" అంది. "నేనేనమ్మా" అని ఆమె గ్లాసుతో నీళ్లందించింది. అమ్మ గ్లాసును చూసింది, ఆమె ముఖం చూసింది, తాగింది.

భయం అంతటితో పోలేదు, రూపు మార్చుకుంది. ఆమె ఏదో ఒకనాడు పాత మాట ఎత్తుతుంది, లేకపోతే అమ్మను మతంలో కలిపేస్తుంది అని కాపలా కుక్కలా మంచం కోడు పక్కనే కూర్చున్నాను. ఆదివారం పేటలోని ఆడవాళ్లు వచ్చారు. "అమ్మా, మేము ప్రార్థన చేసుకోవల్ల. నీకు ఇష్టంలేకుంటే బయట చేసుకుంటాము" అంది ఆమె. "బయట నిప్పులు చెరుగుతాంటే యాడికి పోతారు? ఈడ్నే ఏడ్వండి" అంది అమ్మ. వాళ్లు నవ్వుకుని, గొంతు తగ్గించి పాడుకున్నారు. ఎవరూ అమ్మ మీద నీళ్లు చల్లలేదు. అమ్మ పాటలో సగానికే నిద్రపోయింది.

మరునాడు, ఆమె అమ్మ చీర ఉతుకుతుండగా, నేనే ఆగలేక గుడిసె మాట ఎత్తాను. తల ఎత్తకుండానే చెప్పింది. "మూడు నెల్లు చెట్ల కింద ఉంటిమి రెడ్డీ. యాడికి పోవాల్నో తెల్వకుంటే ఎట్లుంటాదో నాకు తెల్సు. ఆ పొద్దు నువ్వు ఎండలో శానాసేపు నిలబడినావు. మా ఆయన నీకు నీళ్లియ్యాలనుకున్న్యాడు. తాగవని ఇయ్యలా." ఆయన ఎక్కడున్నాడని అడిగాను. రెండేళ్ల కిందట జ్వరంతో పోయాడంది. చీర పిండి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి ఆరేశాం.

ఐదు రోజులూ గడిచాయి. ఆరో రోజు ఇంటాయన స్వయంగా వచ్చాడు. "పంచకం పాయె రెడ్డీ. ఇంక నిశ్చింతగా తోలుకోని రా" అన్నాడు పాపం, చావుకు కూడా పెద్దమనసుతో అనుమతి ఇస్తున్నట్టు. అమ్మ విన్నది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ ఇంటామెను అడిగింది.

"నేను ఈడ్నే ఉంటే నీకేమన్నా ఇబ్బందా అమ్మా?"

"ఉండమ్మా. పొమ్మనే నోరు నాకు ల్యా."

అమ్మ ఇంకో పన్నెండు రోజులు ఉంది. ఆ మంచం మీదే, ఒక చేయి నా చేతిలో, ఒకటి ఆమె చేతిలో పెట్టి పోయింది. పంచకం ఐదు రోజులను ఒక్కొక్క ఊపిరిగా ఎంచుకుంటూ గడిపాను. తరువాతి నలభై ఏళ్లు ఎప్పుడు గడిచాయో నాకు తెలియదు. ఊళ్లో మిగిలిన నల్లరేగడి పన్నెండెకరాలు, బావితో సహా, ఆ ఊరికి తిరిగిపోయే మనసు లేక ఆ ఏడు వానలకు ముందే అమ్మేశాను.