ఎలియొదోరో ముక్కు

చిలీ దేశంలోని మా చిలోయే దీవిలో ఎలియొదోరో బర్రియా ముక్కుకు ఉన్నంత పరపతి మేయరుకు కూడా లేదు. పెట్టె మూత తీయకుండానే ఏ చేప నిన్నటిదో చెప్పేసేవాడు. ఆల్చిప్పలు ఉడికించే ముందు ఆడవాళ్లు అతన్ని పిలిచి వాసన చూడమనేవాళ్లు. ఆ పొగడ్తలే కొంప ముంచాయి.

మా సాల్మన్ ఫారంలో చచ్చిన చేపల్ని రుబ్బి, యాసిడ్ కలిపి ఇనుప ట్యాంకులో నిల్వ ఉంచుతాం. అందులో ఒక్కోసారి విషపు గాలి పుడుతుంది. దాన్ని కొలిచే మీటరు కంపెనీ ఇచ్చింది. అది ఎప్పుడూ మేకుకే వేలాడేది. ఎలియొదోరో పక్కనుండగా దాన్ని ముట్టుకోవడం అతన్ని అవమానించడమే అనుకునేవాళ్లం.

తుఫానుకు పని ఆగినప్పుడు ట్యాంకు లోపలి పంపు పూడుకుపోయింది. బాగుచేయాల్సింది ఎలియొదోరో చెల్లెలి భర్త రెమీహియో. ఎలియొదోరో మూత తీసి తల వంచాడు. కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంది. మేమంతా వెనక్కి తగ్గాం, అతను మాత్రం కదల్లేదు.

కాసేపటికి తలెత్తి, “పోయింది బావా. ఇప్పుడేం వాసన లేదు,” అన్నాడు.

“మీటరు తేనా?” అన్నాను నేను.

“తెచ్చి దాన్నే పెళ్లి చేసుకో,” అన్నాడు రెమీహియో. అందరం నవ్వాం.

నిచ్చెన మీద కాలు పెట్టి రెమీహియో ఎలియొదోరో చెవిలో ఏదో అన్నాడు. మాకు వినపడలేదు. సగం దిగాక చేతులు వదిలేసి ట్యాంకులో పడిపోయాడు. దూకబోయిన ఎలియొదోరోను బెల్టు పట్టుకుని ఆపాం. మాస్కులు వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ గాలి ముందు ముక్కునే చంపుతుందట. కంపు ట్యాంకులోనే ఉంది, ఎలియొదోరోకు తెలియడం మానేసింది. మీటరు ముట్టుకోకపోవడం మా అందరి పిచ్చి గర్వం.

చనిపోయినవాళ్ల కోసం తొమ్మిది రోజులు చేసే ప్రార్థన చివరి రోజు ముగిశాక రెమీహియో భార్య ఓందినా వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చున్నాం. మాతె ఆకు కషాయం ఒకే సొరబుర్రలో నింపి, ఆమె ఒక్కొక్కరికీ వరసగా అందిస్తోంది. ఆ వరసలో ఎవరినైనా దాటేశారంటే మాలో వాళ్లను వెలేసినట్టే. ఎలియొదోరో వంతు వచ్చింది.

“దిగేముందు ఆయన నీతో ఏమన్నాడు అన్నయ్యా?”

అతను అబద్ధం చెప్పినా మాలో ఎవరికీ తెలిసేది కాదు.

“‘భయంగా ఉంది బావా, నిజంగా పోయిందా?’ అన్నాడమ్మా. పోయిందని ఒట్టేశాను.”

ఓందినా బుర్ర నింపింది. అన్నను దాటేసి, పక్కనున్న నాకు అందించింది. అందుకుని తాగాను.