మా శీనన్న తెల్ల చొక్కా

నిన్న పొద్దున ఫోన్ వచ్చేసరికి దోసెపిండి గిన్నె చేతిలోనే ఉంది.

"శీనన్న పోయినాడంట" అన్నారు అవతల.

ఏ శీనన్న అని అడిగాను.

మా ఇంట్లో ఉన్నది ఒక్కడే శీనన్న. అయినా అడిగాను.

మా పెదనాన్న కొడుకు. ఆదోనిలో పత్తి వ్యాపారం. వదినతో కలిసి ఎమ్మిగనూరులో ఉన్న మా ఇంటికే బయల్దేరాడు. ఆ దోసెలు వాళ్ళ కోసమే. దారిలో బర్రె అడ్డం వచ్చిందంట. తప్పించబోయి కల్వర్టు గోడకు కొట్టాడు.

సీట్ బెల్టు పెట్టుకోలేదు.

వదిన పెట్టుకుంది. ఆమె బతికింది.

ఇది నివాళి పోస్టే. కానీ తియ్యగా రాయడం ఈ రోజు నా వల్ల కాదు. ఏడుపు వస్తోంది, దానికంటే ముందు కోపం వస్తోంది.

మంచివాడా అంటే, చాలా మంచివాడు. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు మా నాన్న కంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే. ఫోటోలన్నిట్లో కళ్ళు ఎర్రగా ఉంటాయి.

చొక్కా దగ్గరికొస్తే మాత్రం మహా మొండి. తెల్ల చొక్కా, గంజి, చెయ్యి పెడితే కోసుకునేంత ఇస్త్రీ.

కారు కొన్న కొత్తలో వదిన పోరు పడలేక ఒకసారి బెల్టు పెట్టుకుని మార్కెట్ యార్డుకు వెళ్ళాడు. దిగేసరికి భుజం నుంచి నడుము దాకా చొక్కా మీద ఏటవాలుగా ఒక మడత, దాని వెంబడి దుమ్ము చార. కమిషన్ అంగడి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు చూడనే చూశారు.

"ఏమప్పా శీనా, యాడన్నా డ్రైవరు పనికి సేరినావా?"

అందరూ నవ్వారంట.

అంతే. మా వైపు వ్యాపారస్తులకు ఆ చార పెద్ద గుర్తు. అది ఉన్నవాడు జీతానికి బండి తోలేవాడు, లేనివాడు యజమాని. క్వింటాళ్ళ కొద్దీ పత్తిని చేత్తో తాకి రకం చెప్పే తెలివైన మనుషులు, మనిషి విలువను మాత్రం చొక్కా మడతలో చూస్తారు.

అరుగు మీద పళ్ళు కుట్టుకునే ఆ నలుగురికి భయపడి మా అన్న మళ్ళీ బెల్టు ముట్టలేదు. కారు కుయ్యి కుయ్యిమంటుంటే దాని నోరు మూయించడానికి ఒక క్లిప్ తెచ్చి గుచ్చాడు. బెల్టు పెట్టుకోకపోయినా పెట్టుకున్నట్టు కారును నమ్మించే క్లిప్ అది. దాని మీద దేవుడి బొమ్మ ఒకటి. ఈ మోసంలోకి దేవుణ్ణి కూడా లాగారు.

మేం కారు కొన్నప్పుడు పూజ దగ్గరుండి చేయించింది శీనన్నే. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. గుమ్మడికాయ కొట్టించాడు. దిష్టి తగలకుండా ఇన్ని చేసి, చివర్లో జేబులోంచి అలాంటి క్లిప్పే తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇందమ్మా సుధా, నా గిఫ్టు. ఇది గుచ్చినావంటే పీడ వదులుతాది."

ఆయన ఎదురుగానే చెత్తబుట్టలో వేశాను. నవ్వాడు.

గట్టిగా అడిగితే హాల్లో ఫోటో చూపించేవాడు. 1950ల్లో పెదనాన్న కొన్న పాత కారు, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డ పెదనాన్న.

"మా నాయన కారుకు బెల్టే ల్యాకుండె. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోని మంత్రాలయం పోతాండె. తొంబై ఏండ్లు బతికినాడు."

అన్నా, ఆ కారు ఎత్తు ఎక్కాలంటే అందరూ దిగి తొయ్యాలి. నానమ్మ దిగి నడుచుకుంటూ పోయి, కారు వచ్చేలోపు వక్కాకు వేసుకుని కూర్చునేదంట. అప్పట్లో ఆ రోడ్డు మీద ఎదురొచ్చేవి ఎద్దుల బండ్లు. దాన్నీ నీ కారునూ ఒకటే అంటావా?

మళ్ళీ నవ్వు. ఆయన దగ్గరున్న జవాబు అదొక్కటే.

నిన్న శీనన్న ఇంటి ముందు వరసగా కార్లు. అద్దాల్లోంచి లోపలికి చూస్తూ నడిచాను. చాలావాటిలో అదే క్లిప్ మెరుస్తోంది. బెల్టు లేక చచ్చిపోయినవాణ్ణి చూడడానికి కూడా అట్లనే వచ్చారు.

లోపల అరుగు బ్యాచ్ అంతా వేదాంతంలో ఉంది.

"ఆయుస్సు తీరింటే బెల్టేం జేస్తాదిలేప్పా."

పోలీసు కనిపిస్తే బెల్టును చేత్తో ఛాతీ మీదికి లాగి పట్టుకుని, దాటగానే వదిలేసే వీరులు వీళ్ళు. ఆయుష్షు మీద అంత నమ్మకమున్నవాళ్ళు పోలీసును చూసి ఎందుకు లాగుతారో నాకు తెలియదు.

అది కూడా భరించాను. తర్వాత మా అత్త ఒకావిడ, అందరికీ వినపడేట్టు:

"మొగుడు పక్కనుండంగా తాను మాత్రం కట్టుకోని కూసుండె సూడు."

వదిన విన్నది. కాసేపటికి నన్ను లోపలి గదిలోకి పిలిచి కొంగు పక్కకు జరిపింది. భుజం నుంచి కిందికి, ఏటవాలుగా, నల్లగా కమిలిపోయి ఒక చార.

"పొద్దున గూడా సెప్పినా సుధా. సెల్లెలింటికి పోతాండాము, సొక్కా నలుగుతాదే అన్నాడు."

నా ఇంటికి. నా దోసెలకు.

ఆస్పత్రి వాళ్ళు ఆ చొక్కాను కత్తెరతో కోసి తీసి, కవర్లో పెట్టి ఇచ్చారు. చేతుల మీద ఇస్త్రీ మడత ఇంకా నిలిచే ఉంది.

వదినను ఇంకో మాట ఎవరైనా అంటే, నేను ఊరుకోను. ముందే చెప్తున్నాను.

కింద "ఓం శాంతి" అని పెట్టబోయేవాళ్ళు ముందు పోయి మీ కారులో ఆ క్లిప్ పీకి పారేయండి. పీకరా? అయితే మీ శాంతి నాకు వద్దు.

పోయిరా శీనన్నా. నువ్వు పోయిన చోట అరుగులుండవు, నవ్వేవాళ్ళుండరు. భయం లేకుండా హాయిగా ఉండు.