పాదరసంలో అడుగుల చప్పుడు

నొప్పి లేని జబ్బంటే నాకు ఒళ్ళుమంట. కాలు విరిగితే మనిషి అరుస్తాడు, జ్వరమొస్తే మూలుగుతాడు, చెప్పిన మాట వింటాడు. ఈ రక్తపోటు అలా కాదు. లోపల కొంప మునుగుతున్నా పైకి ఏమీ తెలియదు. డెబ్బైల మొదట్లో గోపన్‌పల్లిలో మేం కిరాయికున్న ఇంటి యజమానురాలు పెద్దమ్మ సరిగ్గా అలాంటి మనిషి. పొద్దున్నే లేచి పేడ ఎత్తి, చేను చూసుకుని, నవ్వుతూ తిరిగేది.

మాది కృష్ణా జిల్లా. మా ఆయనకు శేరిలింగంపల్లి దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాకు అక్కడి డిస్పెన్సరీలో నర్సు పని. క్వార్టర్స్ దొరికేదాకా ఊరి చివర ఆ ఇంట్లో రెండు గదులు తీసుకున్నాం. చుట్టూ బండరాళ్ళు, సీతాఫలం పొదలు. పొద్దుగూకితే మనిషన్నవాడు కనపడడు, కానీ ఎక్కడో ఎవరో మాట్లాడుకుంటున్నట్టే ఉండేది. బండల సందుల్లో గాలి దూరుతోందని మా ఆయన అనేవాడు. నన్నొక్కదాన్నే వదిలేసి సెకండ్ షిఫ్టుకు పోయే మనిషికి ధైర్యం చెప్పడం తేలికే.

పెద్దమ్మ భర్త పోయి ఏడాది కాలేదు. ఆయనకు ఒక కాలు కుంటి, చేతిలో ఎప్పుడూ కర్ర ఉండేదట. ఒకరోజు వాకిట్లో కూలబడి, మూతి వంకరపోయి, మర్నాటికి లేడు. ఆ ఇంట్లో ఉప్పు వాడకం చూశాక ఈవిడకీ ఒకసారి పోటు చూడాలనిపించింది. డిస్పెన్సరీలో పక్కన పడేసిన పాత బీపీ మిషన్ ఉంటే డాక్టరుగారిని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. పట్టీ కట్టి గాలి కొడితే, పాదరసం రెండు వందలు దాటినా నాడి కొట్టుకుంటూనే ఉంది. డాక్టరుగారు మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమన్నారు, లేకపోతే ఈవిడదీ భర్త దారేనని చెప్పారు. పెద్దమ్మ నవ్వింది. తల నొయ్యదు, కళ్ళు తిరగవు, ఇంక రోగమెక్కడిదని నన్నే అడిగింది.

నాకు మండింది. ఆ సాయంత్రం పట్టీ కట్టి స్టెతస్కోపు ఆవిడ చెవుల్లోనే పెట్టాను, మీ రోగం మీరే వినండి అని. గాలి మెల్లగా వదిలాను. చప్పుడు మొదలవగానే ఆవిడ పాదరసాన్నీ చూడలేదు, నన్నూ చూడలేదు. తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. ఖాళీగా ఉన్న చెయ్యి లేచి కొంగును తల మీదికి లాక్కుంది. భర్త ఇంట్లోకి వస్తుంటే ఆ ఊరి ఆడవాళ్ళు అలా కప్పుకోవడం రోజూ చూసేదాన్నే, అయినా అప్పుడు నాకు తట్టలేదు. చప్పుడు ఆగాక కొంగు దించి, రేపు కూడా కట్టమంది. భయం పట్టుకుందిలే, ఇక దారికొస్తుందిలే అనుకున్నాను.

రోజూ దీపం పెట్టే వేళకు మా గడపలో కూర్చుని చెయ్యి చాపేది. ముందు నేను విని లెక్క చూసుకుని, తర్వాత స్టెతస్కోపు ఆవిడ చెవుల్లో పెట్టేదాన్ని. మాత్రలు పనిచేశాయి. పోటు దిగుతున్నకొద్దీ నాకు సంతోషం, ఆవిడకు దిగులు. అన్నం కూడా సరిగా తినేది కాదు. తర్వాత ఉన్నట్టుండి మళ్ళీ ఎక్కడం మొదలైంది, ఈసారి మొదటికంటే పైకి. ఆవిడ ముఖం మాత్రం కొత్త పెళ్ళికూతురి ముఖంలా కళకళలాడుతోంది. మాత్రలు మింగుతున్నారా లేదా అని నిలదీశాను. లేదని ఏ దాపరికం లేకుండా చెప్పింది.

"గోలీలేస్తే ఆయన ఆల్శంగ వస్తుండు బిడ్డా. పాదరసం మస్తు దిగినంక గని కట్టె చప్పుడు వినవడ్తలేదు. గోలీ బంద్ జేస్తే జల్ది వస్తుండు. శానసేపు ఉంటుండు."

పోటు ఎక్కువుంటే పాదరసం పైన ఉండగానే చప్పుడు వినిపిస్తుంది, తగ్గితే బాగా కిందికి దిగాక గానీ వినిపించదు. నాకది లెక్క. ఆవిడకది మొగుడు బండల మీద కర్ర పొడుచుకుంటూ ఇంటికి రావడం. అది నెత్తురు కొట్టుకునే చప్పుడండీ, అందరికీ ఉంటుంది అని కోప్పడి, పట్టీ నా చేతికే కట్టుకుని వినిపించాను. ఎంతో శ్రద్ధగా వింది. విని, వీళ్ళు మీవోళ్ళు ఎవరో, నాకెరుక లేదు అంటూ స్టెతస్కోపు తీసి ఇచ్చేసింది. ఆ తర్వాత డిస్పెన్సరీలో ఎవరి చేతికి పట్టీ కట్టినా నాకు ఆ మొదటి చప్పుడు ఎవరిదో అడుగులాగే వినపడేది. నర్సు చదువు చదివి ఇదేం ఖర్మ అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పట్టీ కడితే ఆవిడ మాత్ర మింగదు. కట్టకపోతే పోటు ఎంతదాకా ఎక్కిందో నాకు తెలియదు. చచ్చేచావుగా ఉండేది. బతిమాలాను, తిట్టాను, మజ్జిగలో కలిపిచ్చి చూశాను. ఒక్క గుక్క తాగి, చేదుగా ఉందని గోడ పక్కన పారబోసింది.

ఒక సాయంత్రం ముసురు పట్టి ఉంది. వాకిట్లో చెంబు పడిన చప్పుడైతే వెళ్ళి చూశాను. పెద్దమ్మ గోడకు ఆనుకుని, వేలాడుతున్న తన ఎడమ చేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకుంటోంది. మాట ముద్దముద్దగా వచ్చింది. లోపల పడుకోబెట్టి, పక్కింటాయనను సైకిల్ మీద డాక్టరుగారి కోసం పంపించాను. ఆయన వెళ్ళిన కాసేపటికే చెయ్యి కదిలింది, మాట తేటపడింది.

"చెయ్యి వట్టి గుంజిండు," అంది. ఆవిడ గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి.

నెమ్మదిగా నచ్చజెప్పే ఓపిక నాకప్పుడు లేదు. వచ్చేది ఆయనో, మీ నెత్తురో నాకనవసరం, ఎవరైనా సరే మిమ్మల్ని తీసుకుపోవడానికే వస్తున్నారు అనేశాను. "పోతారా మరి?" అని అడిగాను.

ఆవిడ లేచి కూర్చుని కుడిచెయ్యి చాపి, ఒక్కసారి కట్టమంది. కట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టాను. చప్పుడు మొదలైన చోట గాలి వదలకుండా ఆపమంది. మర బిగించాను. గొట్టంలో పాదరసం అక్కడే నిలిచి చిన్నగా ఎగిరిపడుతోంది. ఆవిడ వాకిలి వైపు తిరిగి, రోజూ ఇంట్లో మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"ఇగ నువ్వు పో. బర్రె ఈనేదుంది. జొన్న ఇంక కొయ్యలే. నాకు రాబుద్ధి అయితలేదు."

పాదరసం కదలడం ఆగింది. గుండె ఒక దెబ్బ తప్పడం మామూలే, ఎంతమందికో చూశాను. కానీ ఆ ఆగడం నాకు చాలా పొడుగ్గా అనిపించింది. వద్దనుకుంటూనే నేనూ వాకిలి వైపు చూశాను. వాన తప్ప ఏమీ లేదు. పాదరసం మళ్ళీ ఎగిరింది. వదిలెయ్యమని ఆవిడ సైగ చేసింది. నేను మర తిప్పాను. అది దిగుతున్నంతసేపూ తల వంచుకుని వింది. చప్పుడు పూర్తిగా ఆగిపోయాక కూడా ఇంకాసేపు వింది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. స్టెతస్కోపు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"గోలి ఇయ్యి బిడ్డా," అంది.