పెద్దులు వేసిన పలచటి పందిరి

పెద్దులు పనితనానికి వంక పెట్టేవాడు మస్కట్‌లో ఇంకా పుట్టలేదని పెద్దులే చెబుతాడు. చెప్పడానికి మొహమాటపడడు కూడా. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి, అల్ హైల్‌లో కంపెనీ రూములో ఉంటూ, వారమంతా సైట్‌లో సెంట్రింగ్ చెక్కలు కొడతాడు. శుక్రవారం వచ్చిందంటే మాత్రం ఎవరికో ఒకరికి పందిరి వేస్తూ కనిపిస్తాడు. రంజాన్ నెలలో ఇఫ్తార్ షామియానాలు, మనవాళ్ళ బతుకమ్మకు స్టేజీ, మలయాళీల క్రిస్మస్ పాక, అన్నీ ఆ చేతుల మీదుగా లేచినవే. దేవుడెవరన్నది అతను అడగడు. గుంజ ఎక్కడ పాతాలి, ఎంతమంది కూర్చుంటారు, ఈ రెండూ తెలిస్తే చాలు. అందుకే పెద్దులుకు అన్ని మతాల్లోనూ చుట్టాలున్నారు.

అంతటి పెద్దులు చేత తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఒకే పందిరిని రెండుసార్లు విప్పించింది.

ఆ ముసలమ్మ రాహేలమ్మ. ఆమె కూతురు కెజియా బౌషర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఒకసారి కాల్లో మేకు దిగి వెళితే, కెజియా కట్టు కడుతూ పెద్దుల్ని అచ్చ తెలుగులో తిట్టింది. పరాయి దేశంలో అంత చక్కగా తిట్టే మనిషి దొరకడం అదృష్టమనుకుని, ఆనాటి నుంచి ఆమెను చెల్లెలిగా చూసుకుంటున్నాడు. ఆమె ఇంట్లో తలుపు కిర్రుమన్నా, కుళాయి కారినా పెద్దులు హాజరు.

కెజియా భర్తకు సలాలాలో ఉద్యోగం, ఎప్పుడో గాని రాడు. కెజియా డ్యూటీకి వెళ్ళేటప్పుడు చిన్న కూతుర్ని కింది అంతస్తులో హమీదున్నీసా దగ్గర వదిలి వెళుతుంది. నిజామాబాద్ మనిషి, బిల్డింగ్ మొత్తానికీ ఖాలా, అంటే పిన్నమ్మ. అక్కడ ఆమె మాటకు ఎదురులేదు. మెట్లు తడిగుడ్డతో తుడిపించేది ఆమే, భార్యాభర్తలు గొడవపడితే రాజీ చేసేది ఆమే. కెజియా పాపకైతే ఆమె ఒళ్ళోనే సగం బాల్యం గడిచిపోతోంది.

రాహేలమ్మ విజిట్ వీసా మీద వచ్చిన వారానికి కెజియా పెద్దుల్ని పిలిచి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"అన్నా, మేడ మీద చిన్న పాక వెయ్యాలి. ఎందుకో నీ ఒక్కడికే చెబుతున్నా. అందరూ నా పేరు చూసి క్రిస్టియన్ అనుకుంటారు. మేం యూదులం."

పెద్దులు తల గోక్కున్నాడు. "గుంటూరు దిక్కు మిర్చి పండుతదని ఎరుక గని, యూదులు గూడ ఉంటరా సిస్టర్?"

"కొద్దిమందిమి ఉన్నాంలే" అంది కెజియా, నవ్వు ఆపుకుంటూ.

తమ పూర్వీకులు ఎడారిలో పాకలేసుకుని బతికిన రోజుల్ని తలుచుకుంటూ, ఏడాదికోసారి పండగ వారమంతా పాకలోనే భోంచేస్తారట. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి రాహేలమ్మ ఒక్క ఏడూ తప్పలేదట.

"ఈ ఏడు నా మూలాన తప్పకూడదు. కానీ ఖాలాకి తెలియకూడదన్నా" అంది కెజియా. ఇక నవ్వు లేదు. "రోజూ టీవీలో గాజా పిల్లల్ని చూసి ఏడుస్తుంది. నేను యూదురాలినని తెలిస్తే నా మొహం చూస్తుందా? పాపను తీసుకుంటుందా? ఆవిడ దూరమైతే ఈ ఊళ్ళో నాకు ఇల్లు లేనట్టే."

"అమ్మకు ఎండ తగలకుంట నీడ ఏస్తున్నమని చెప్తం" అన్నాడు పెద్దులు. "నా నోట్లెకెళ్ళి మాట బయటపడది."

శుక్రవారం పొద్దున్నే పికప్ తోలే జావెద్ చేత బర్కా తోటల నుంచి ఖర్జూర మట్టలు తెప్పించాడు. జావెద్‌ది కడప. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాబట్టి అతనికీ నీడ అనే చెప్పాడు. ముసలమ్మకు చల్లగా ఉంటుందని వాటర్ ట్యాంకు దిమ్మె కింద ముచ్చటైన పాక వేశాడు. రాహేలమ్మ వచ్చి చూసింది.

"బాగుందయ్యా. కానీ నెత్తిన ట్యాంకు ఉందిగా. మా పాక మీద ఆకాశం తప్ప ఇంకోటి ఉండకూడదు."

సరే, పెద్దమనిషి మాట. విప్పి, మేడ నడుమకు మార్చాడు. ఈసారి పౌరుషం కొద్దీ కింద టార్పాలిన్ కట్టి, మట్టలు రెండు వరసలుగా అల్లి, ఇనుప తీగతో బిగించాడు. తుఫానొచ్చినా బొట్టు కారదని రూములో అందరికీ చెప్పుకున్నాడు.

పండగ నాడు మధ్యాహ్నం సైట్‌లో ఉండగా కెజియా ఫోన్ చేసింది. పొద్దు గూకితే పండగ మొదలు, ఆ పాకలో అన్నం ముట్టనని అమ్మ కూర్చుందట. పెద్దులు ఫోర్‌మన్‌ను బతిమాలి ఒక పూట సెలవు పెట్టి పరుగెత్తాడు.

"రాత్రి ఇక్కడ నడుం వాల్చి చూశానయ్యా, ఒక్క నక్షత్రం అగపడలా" అంది రాహేలమ్మ.

"అగపడకుంట ఏసుడే గద పెద్దమ్మా పనితనం."

"మాకు అగపడాలి. గట్టి ఇంట్లో కూర్చుని ఇదంతా నాదే అనుకోకుండా ఉండటానికే ఏడాదికోసారి ఈ పలచటి పాకలో కూర్చునేది. ఆ పట్టా తీసెయ్. కోసిన మట్టలుంటే చాలు. ఎండకంటే నీడ కాస్త ఎక్కువుండాలి, నక్షత్రాలూ అగపడాలి."

పెద్దులుకు ఒళ్ళు మండింది. కారని కప్పు వేయడానికే జీవితమంతా ధారపోసినవాణ్ని కావాలని సందులు పెట్టమనడమంటే, వంటమనిషిని పప్పులో ఉప్పు మరచిపొమ్మన్నట్టే. అయినా ముసలామె మొహం చూసి నిచ్చెనెక్కాడు. బిగించిన తీగలు లాగేసరికి మట్టలు పుటుక్కున విరిగాయి. ఎండ అప్పటికే పసుపు రంగుకు తిరిగింది. జావెద్‌కు ఫోన్ కొట్టక తప్పలేదు.

జావెద్ పచ్చి మట్టలతో వచ్చాడు. లిఫ్ట్‌లో పట్టలేదని మెట్ల మీదుగా ఈడ్చుకొస్తూ, "నీడకు ఇంత అర్జెంటేందప్పా, ఎవురిదన్నా పండగా?" అని కింది నుంచి పై దాకా అరుచుకుంటూనే ఎక్కాడు. అతని వెనకాల మెట్ల నిండా ఆకు రాలింది. ఆ ఆకు వెంబడే చీపురు పట్టుకుని, చంకలో కెజియా పాపతో హమీదున్నీసా పైకి వచ్చింది.

"ఎవలు నా మెట్లు ఖరాబ్ చేసింది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నీడ ఖాలా, ఉత్త నీడ" అన్నాడు పెద్దులు నిచ్చెన మీది నుంచి.

"నీడైతే మీదికెళ్ళి పీకుతున్నవెందుకు?"

ఖాలా చూపు లోపలికి వెళ్ళింది. దుప్పట్ల గోడలు, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, రెండు కొవ్వొత్తులు, పట్టుచీర కట్టుకున్న ముసలమ్మ. ఖాలా కెజియా వైపు తిరిగింది. అబద్ధం ఆడాలంటే ఆడొచ్చు. పెద్దులైతే ఒకటి వెతుకుతూనే ఉన్నాడు.

"మా పండగ ఖాలా" అంది కెజియా. "మేం క్రిస్టియన్లం కాదు, యూదులం. మీకు చెప్పడానికి భయమేసింది."

జావెద్ చేతిలోని మట్టను నెమ్మదిగా కింద పెట్టాడు. ఖాలా పాపను ఇంకో చంకకు మార్చుకుంది. అప్పుడు ఎవరూ అనుకోనిది అడిగింది.

"మరి ఇన్నొద్దులు నేను పంపిన బిర్యానీ?"

"మా పద్ధతిలో కోసిన మాంసం ఇక్కడ దొరకదు ఖాలా. అందుకని తినలేదు. మీ బగారా బైంగన్ మాత్రం ఒక్క వంకాయ ముక్క కూడా మిగల్చలేదు."

"మరి బిర్యానీ ఎవలు తిన్నరు?"

కెజియా నిచ్చెన వైపు చూసింది. పెద్దులు కొత్తగా ఏదో తీగ విప్పాల్సినవాడిలా తల తిప్పుకున్నాడు. జావెద్ కిసుక్కుమన్నాడు. ఖాలా మాత్రం నవ్వలేదు.

"టీవీల సూస్తున్నవ్ గద, ఆడ ఏమైతుందో."

"చూస్తున్నా ఖాలా. నర్సుని, దెబ్బతిన్న పిల్లల్ని చేతుల్తో ఎత్తుకునేదాన్ని. నాకూ ఏడుపొస్తుంది. నేను ఏడిస్తే మీరు నమ్ముతారో లేదోనని ఇంట్లో ఒక్కదాన్నే ఏడ్చేదాన్ని."

ఇప్పుడు ఖాలా పాపను తల్లి చేతికిచ్చి దిగిపోతే ఏం చేయాలో పెద్దులుకు తోచలేదు. రాహేలమ్మకు ఆ గొడవేమీ పట్టినట్టు లేదు. బల్ల పక్క చోటు చూపించింది.

"కూర్చో అమ్మా. ఈ పాకకు అతిథులు రావాలి. రోజుకొక పెద్దాయన్ని పిలుస్తాం. కంటికి అగపడరనుకో. ఇవాళ అబ్రాహాము. రేపటి నుంచి ఇస్సాకు, యాకోబు, మోషే, అహరోను, యోసేపు, దావీదు."

ఖాలా పెదవులు కదిలాయి. "ఇబ్రాహీం, ఇస్‌హాఖ్, యాఖూబ్, మూసా, హారూన్, యూసుఫ్, దావూద్" అని ఒక్కొక్కరినీ తన వైపు పేరుతో పిలుచుకుని, చివర సలాం చెప్పుకుంది. "వీళ్ళంత మా పైగంబర్లు గద."

"మా పెద్దలు కూడానమ్మా."

"గింతమంది పెద్దమనుషులొస్తరని ముందుగాల్నే చెప్తే జర పెద్దగ ఏస్తుంటి గద" అని పెద్దులు పై నుంచి విసుక్కున్నాడు. ఆ మాటకు రాహేలమ్మ పకపకా నవ్వింది. పెద్దులు చివరి మట్టలు పలచగా పరిచి, ఒక్కటి కూడా బిగించకుండా దిగాడు. చేతులు ఊరుకోక మళ్ళీ ఒక సందు కప్పబోతే జావెద్ అతని చొక్కా పట్టి లాగాడు.

పొద్దు గూకుతుండగా రాహేలమ్మ కొవ్వొత్తులు వెలిగించింది. తూర్పున పున్నమి చంద్రుడు లేచాడు, కాసేపటికి మట్టల సందుల్లోంచి నక్షత్రాలూ అగపడ్డాయి. ఖాలా చీపురు గోడకు ఆనించి, మెల్లగా లోపలికి వంగి, పాపతో సహా కూర్చుంది.

"ఇబ్రాహీం అలైహిస్సలాం ఇంటికి మెహమాన్ రాకుంట అన్నం ముట్టకపోతుండెనంట" అంది ఎవరితోనో అన్నట్టు. తర్వాత కెజియాను చూసింది. "నువ్వు ఎవలైతేంది గని, నా మీద భరోసా లేకపాయె నీకు. గదే మనసుకు పట్టింది."

"తప్పయింది ఖాలా."

ఖాలా పాప జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. పాప ఆమె భుజం మీద తల వాల్చేసింది. ఎవరూ ఇంకా అన్నం ముట్టలేదు.

"రేపు సెలవేనా నీకు?"

"సెలవే ఖాలా."

"ఎల్లుండి డ్యూటీ పొద్దుగాల్నా, మాపునా?"

"పొద్దున" అంది కెజియా.

"అయితే పిల్లకు నాష్తా పెట్టకుంట తీస్కరా" అంది హమీదున్నీసా. "నా ఇంట్ల తింటది."