మరియమ్మ వేసిన పెరటి బొమ్మ

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడు. కడపలో ఒక చిన్న మానసిక వైద్యశాలలో సైకాలజిస్టుగా నాకది పదహారో ఏడు. ఆ ఎండాకాలం సాయంత్రమయ్యేసరికి ఎవరి బాధ ఎవరిదో కలిసిపోయేంతగా అలసిపోయేదాన్ని.

ఎర్రగుంట్ల వైపు పల్లె నుంచి మరియమ్మను ఆమె చెల్లెలు సుగుణమ్మ తీసుకొచ్చింది. మరియమ్మ భర్త జ్వరంతో పోయి మూడు నెలలు. అప్పటి నుంచి ఆమెకు మాట లేదు, సరైన తిండి లేదు. మాట్లాడనివాళ్లకు మేము ప్రొజెక్టివ్ టెస్ట్ పెడతాం. అంటే బొమ్మ వేయించి, అందులో మనసును వెతకడం. రంగులిచ్చి, "మీకిష్టమైన చోటు వేయండమ్మా" అన్నాను.

ఆమె తోట వేసింది. నిమ్మ, కరివేప, మల్లెపొద, అన్నిటి ఆకులూ బూడిద రంగే. మూలనున్న జామ చెట్టు మాత్రం పచ్చగా ఉంది. మనుషులెవరూ లేరు. బూడిద రంగంటే నిరాశ, మనుషులు లేకపోవడమంటే ఒంటరితనం అనుకున్నాను. జామ చెట్టుకు అర్థం తట్టలేదు, వదిలేశాను. ఆత్మహత్య చేసుకోవచ్చన్న భయం ఉందని ఫైల్లో 'సూసైడ్ రిస్క్' అని రాశాను. దాంతో డాక్టరు మందు పెంచారు, ఇంటికి పంపలేదు. మరియమ్మ పగలంతా మగతగా పడి ఉండేది.

పదో రోజు సుగుణమ్మ నా బల్ల మీద ఆ బొమ్మ చూసింది.

"ఇది మా అక్కోళ్ల పెరడు మేడం! అచ్చం అట్లే వేసిండాది."

"ఆకులన్నీ బూడిదగా ఉన్నాయి కదమ్మా?"

"సిమెంటు లారీలు పోయే దోవ పక్కనే ఇల్లు. దుమ్ము పడి అట్లనే ఉంటాయి."

నాకు సిగ్గేసింది. బొమ్మ తీసుకొని, సుగుణమ్మతో పాటు వార్డుకు వెళ్లాను. మరియమ్మ పక్కన కూర్చుని జామ చెట్టు మీద వేలు పెట్టాను.

"ఇదొక్కటే పచ్చగా ఉందేమమ్మా?"

ఆమె శ్రమపడి కళ్లు తెరిచింది. బొమ్మ వైపు చూసింది.

"ఆయప్ప నాటిన చెట్టు. దినామూ నేనే ఆకు ఆకూ కడుగుతాంటి" అంది భర్తను తలుచుకుని, బొంగురు గొంతుతో. "ఇప్పుడెవురు కడుగుతాండారో."

మూడు నెలల తర్వాత అదే మొదటి మాట. తర్వాత ఏడుపు. "నేను పోయి కడుగుతాలే అక్కా" అంటూ సుగుణమ్మ ఆమె తల పట్టుకుంది.

ఆ బొమ్మను నేను తప్పుగా చదివానని డాక్టరుకు చెప్పాను. మందు తగ్గించారు. అయిదో రోజు మరియమ్మ ఇల్లు చేరింది. దుఃఖం ఎక్కడికీ పోలేదు కానీ, తిండి తినసాగింది.

నా అలసట ఆమెకు పది రోజుల మత్తయింది. రంగులకు అర్థాలు పుస్తకాల్లో చదువుకున్నాను. కానీ ఆ రంగు వేసిన మనిషి ఎదురుగానే ఉంది, అడగలేదు. ఇప్పుడు ఎవరు బొమ్మ వేసినా, పెన్ను పక్కన పెట్టి ముందు ఒకటే అడుగుతాను: "ఇది యాడుండాదమ్మా?"