ప్రముఖుడైన మా బాబాయి

కొత్త ఫ్లెక్సీ వాసన తగిలితే నాకిప్పటికీ బాబాయే గుర్తొస్తాడు.

నా చిన్నప్పుడు ఉయ్యూరు సెంటర్లో ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. పేరు ముందు ‘ప్రముఖ’ అని ఉంది. అంతకుముందు నేను అలా అందరికీ కనబడేలా పెట్టిన ఫొటోలు చూసింది విజయవాడ బస్టాండులోనే. అవి జేబుదొంగలవి.

“నాయనమ్మా, ప్రముఖుడంటే ఎవరు?”

“నలుగురూ గుర్తుపట్టే మనిషే.”

నా అనుమానం బలపడింది.

“బాబాయి ఏం చేశాడు?”

“ఏమోనే, ఆ కట్టినోళ్ళనే అడుగు.”

బాబాయి ఇంటికొచ్చేలోపు నా జామెట్రీ బాక్సు దిండు కింద దాచేశాను.

మొన్న మా కాలనీవాళ్ళు నాకూ ఫ్లెక్సీ కట్టారు, ‘ప్రముఖ’తో సహా. నేనేం చేశానని అడిగితే, “ఆ మాట లేకపోతే బాగోదండీ” అన్నారు.

దాని కింద నిలబడ్డ ఓ చిన్నపిల్ల నా ఫొటోని చూసి, నన్ను చూసి, స్కూలు బ్యాగు దగ్గరికి లాక్కుంది.

మంచిపని చేసిందనిపించింది.