గది ఆ చివర పెట్టిన మాట

నా చిన్నప్పటి రియాద్ నాకు ఎక్కువగా మంచం మీది నుంచే గుర్తుంది. గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఒక సాయంత్రం సైరన్ మోగితే, అందరితో పాటు గబగబా మెట్లు దిగబోయి పడ్డాను. కాలు విరిగింది. యుద్ధం ఆగింది, కిటికీ అద్దాలకు అంటించిన టేపులు పీకేశారు, నా కట్టూ విప్పారు. కాలు మాత్రం నేను కింద పెట్టలేదు. ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పినా నమ్మలేదు. ఇలాగే పడుకుంటే ఇక నడవలేనని, ఆసుపత్రిలో నర్సుగా ఎంతమందినో నడిపించిన మా అమ్మ నా ముందే ఏడ్చింది. మొండిఘటాన్ని, అయినా కదల్లేదు.

మా పక్కింటి అంకుల్ వరంగల్ వైపు ఆయన, ఇంజనీరు. యుద్ధానికి జడిసి, ఉద్యోగం వదులుకుని ఎగ్జిట్ వీసా మీద స్వదేశం వెళ్ళిపోయిన ఒక ఇంగ్లీషాయన తన లావుపాటి నిఘంటువును ఆయనకిచ్చి పోయాడు. రోజూ సాయంత్రం దాన్ని చంకన పెట్టుకుని నన్ను చూడటానికి వచ్చేవారు. నాకా ప్రశ్నల పిచ్చి. ఒకరోజు ఆయన ఆఫీసు కాగితంలో ‘ఇబ్బందులు ఎరైజ్ అయితే’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం చూసి, ‘ఎరైజ్’లో ‘రైజ్’ ఉందిగా, ఇబ్బందులు లేవడమేమిటని అడిగాను.

ఆయన పుస్తకం తెరిచారు. ‘ఎరైజ్’ వెయ్యేళ్ళు పైబడిన మాటట. ‘రైజ్’ అంటే లేవడం. ముందున్న ఆ చిన్న ‘ఎ’ దాన్ని ఇంకాస్త పైకి ఎగదోసేదట. అప్పట్లో మనుషులే ఎరైజ్ అయ్యేవారట, పక్క మీది నుంచి, కూర్చున్న చోటి నుంచి. సూర్యుడూ అంతే. తర్వాత మనుషులు వేరే మాటలు పట్టుకున్నారు, ఇది ఇబ్బందులకూ అనుమానాలకూ మిగిలింది. నాకు ఆ మాట మీద జాలేసింది. మనుషులు దాన్ని ఎందుకు వదిలేశారని అడిగాను.

అంకుల్ లేచారు. పుస్తకాన్ని తెరిచినది తెరిచినట్టే తీసుకెళ్ళి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టారు.

“గదంత గీ పుస్తకంల ఉన్నది బిడ్డా. తెల్సుకోవాల్నంటే నువ్వే వచ్చి సదువుకోవాలె,” అన్నారు.

పడిపోతానన్నాను.

“పడితె పట్టుకుంట. సదువుడు మాత్రం సదువ.”

అమ్మ ఇచ్చిన టీ తాగుతూ తాపీగా కూర్చున్నారు. నేను పది నిమిషాలు ఓర్చుకున్నాను, అంతకంటే నా వల్ల కాలేదు. మంచం పట్టుకుని లేచాను, గోడ పట్టుకుని నడిచాను, చివరి రెండడుగులకు పట్టుకోవడానికి ఏమీ లేదు. కాలు వణికింది, విరగలేదు. వంటింటి గుమ్మంలో అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

ఆ పేజీలో ఆ మాట గురించి ఉన్నవి నాలుగే లైన్లు. అవీ ఆయన చెప్పినవే. ఎందుకు వదిలేశారో ఎక్కడా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనతో పోట్లాడదామని గిరుక్కున తిరిగితే, నా మంచం ఆ చివర ఖాళీగా కనిపించింది.

నా ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు. ఇప్పుడు నావి సతాయించే మోకాళ్ళు, పొద్దున్నే లేవాలంటే బద్ధకం. అందుకే సగం చదివిన పుస్తకాన్ని ఏనాడూ మంచం దగ్గర ఉంచుకోను. కిటికీ దగ్గర బల్ల మీదే పెట్టి పడుకుంటాను.